అగ్రో డెక్ ఆడటానికి బుర్ర అక్కర్లేదంటారా?

హార్త్‌స్టోన్ అనే కంప్యూటర్ కార్డుల ఆటలో ఫేస్ హంటర్ లాంటి అగ్రో డెక్, అంటే ఎదుటి హీరోని తొందరగా చంపాలని చూసే దూకుడు డెక్, ఆడి గెలిచినవాడికి మెచ్చుకోలు దొరకడం అరుదు. "అందులో ఏముంది, వచ్చిన కార్డు వచ్చినట్టు దించేసి ఎదుటివాడి హీరోని కొట్టుకుంటూ పోవడమే కదా" అనేస్తారు. అదే ఇరవై నిమిషాలు కూర్చుని, ఎదుటివాడి ప్రతి మినియన్‌నీ చంపి, చివర్లో ఓ పది మానా కార్డుతో ఆట ముగిస్తే దాన్ని తెలివైన ఆట అంటారు. నేను చాలాకాలంగా దూకుడు డెక్కులే ఇష్టపడి ఆడుతున్నాను. వాటిని కట్టడానికి, విప్పి మళ్లీ కట్టడానికి గంటలు గంటలు ఖర్చుపెడుతున్నాను. ఈ చిన్నచూపును ఒప్పుకోబుద్ధి కాదు.

నెమ్మదిగా ఆడే డెక్‌లో పొరపాటు జరిగితే సరిదిద్దుకోవడానికి తర్వాతి టర్న్ ఉంటుంది. అగ్రో డెక్‌లో రెండో టర్న్‌లో వదిలేసిన ఒక్క డ్యామేజ్, ఆరో టర్న్‌లో ఎదుటివాడు ఒక్క హెల్త్‌తో బతికిపోయినప్పుడు గానీ బయటపడదు. అప్పటికి ఆ రెండో టర్న్ ఎవరికీ గుర్తుండదు. "కార్డులు రాలేదు" అనుకుని ఇంకో ఆట మొదలుపెడతారు. ఈ డెక్కుల్లో ఉన్న కష్టం కంటికి కనబడదు కాబట్టే తేలికన్న పేరు వచ్చిందని నేను నమ్ముతున్నాను.

ఆట తెలియనివాళ్లకు నాలుగు ముక్కలు. డెక్‌లో 30 కార్డులు. ఒకే కార్డు రెండుకు మించి పెట్టకూడదు, అరుదైన లెజెండరీ కార్డయితే ఒక్కటే. హంటర్, మేజ్ లాంటి హీరోల్లో ఒకరితో ఆడతాం. హీరోకి 30 హెల్త్, అది అయిపోతే ఓడినట్టు. కార్డు దించడానికి అయ్యే ఖర్చు మానా: మొదటి టర్న్‌లో ఒకటి, తర్వాత టర్న్‌కొకటి చొప్పున పెరిగి పది దగ్గర ఆగుతుంది. మినియన్‌కి, అంటే మన తరఫున కొట్టే జీవికి, రెండు అంకెలుంటాయి: 3/2 అంటే కొట్టే దెబ్బ 3, తట్టుకునేది 2. దించిన మినియన్ మామూలుగా మరుసటి టర్న్ దాకా కొట్టలేదు. ఛార్జ్ ఉన్నదైతే దిగిన వెంటనే కొడుతుంది.

ఇక లెక్క. ఆరో టర్న్‌కల్లా ఆట ముగించాలని మన ఉద్దేశం అనుకుందాం. ముందు ఆడేవాడి చేతికి మొదట మూడు కార్డులు వస్తాయి. టర్న్‌కొకటి కలిపితే ఆరో టర్న్‌కి మొత్తం తొమ్మిది. ఆ తొమ్మిది కార్డులతో 30 డ్యామేజ్ చేయాలి, అంటే కార్డుకి 3.3. హంటర్ హీరో పవర్, అంటే కార్డు లేకుండానే వాడుకునే హీరో సొంత శక్తి, రెండు మానాకి రెండు డ్యామేజ్ ఇస్తుంది. దాన్ని రెండు మూడుసార్లు వాడే వీలు దొరికితే కార్డు మీద భారం మూడుకి కాస్త లోపలికి దిగుతుంది. కాబట్టి నా డెక్‌లోకి రావాలనుకునే ప్రతి కార్డునూ నేను అడిగేది ఒక్కటే: ఎదుటి హీరో హెల్త్‌లో నువ్వు మూడు తీయగలవా, అదీ ఆరో టర్న్ లోపల? ఎంత గొప్ప కార్డయినా సరే, ఈ ప్రశ్నకు జవాబు లేకపోతే దానికి చోటు లేదు.

మానా వైపు నుంచి చూస్తే ఇంకా ఇరుకు. మొదటి ఆరు టర్న్‌లలో మన చేతికొచ్చే మానా మొత్తం 21. మేజ్ దగ్గరుండే ఫైర్‌బాల్ నాలుగు మానాకి ఆరు డ్యామేజ్ చేస్తుంది, అంటే మానాకి ఒకటిన్నర. ఒక్క మానా కూడా వృథా పోకుండా 21నీ అదే రేటుకి ఖర్చుపెట్టగలిగినా 31 దగ్గర ఆగిపోతాం. నిజం ఆటలో అలా కుదరదు. మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే మరో కార్డుల ఆటలో పరిస్థితి వేరు. అక్కడ హెల్త్ 20, లైట్నింగ్ బోల్ట్ ఒక్క మానాకి మూడు డ్యామేజ్. అలాంటివి ఏడు పడితే ఆట అయిపోతుంది, మొదట చేతికొచ్చేదీ ఏడు కార్డులే. హార్త్‌స్టోన్‌లో ఫైర్‌బాల్ లాంటి స్పెల్స్‌ని మాత్రమే నమ్ముకుంటే 30 దాకా చేరడం చాలా కష్టం. మళ్లీ మళ్లీ కొట్టే మినియన్ కావాలి, అది తొందరగా దిగాలి.

లెపర్ నోమ్ అనే కార్డును తీసుకోండి. తొలి రోజుల్లో అది ఒక మానాకి 2/1, చనిపోతే ఎదుటి హీరోకి రెండు డ్యామేజ్. మొదటి టర్న్‌లో దించితే రెండు, మూడు, నాలుగు టర్న్‌లలో తలా రెండు కొట్టి, చనిపోతూ ఇంకో రెండు తీసిందంటే మొత్తం ఎనిమిది. ఒక్క మానాకి ఎనిమిది! అదే కార్డును ఆరో టర్న్‌లో దించితే చనిపోతూ తీసే రెండు తప్ప ఆ ఆటలో ఇంకేమీ ఆశించలేం. కార్డు మీద ముద్రించిన అంకెలు మారలేదు, దిగిన టర్న్ మారింది. అగ్రో డెక్ కట్టేవాడు కార్డును కాదు, కార్డుతోపాటు టర్న్‌ను కూడా చూడాలి.

అందుకే ఒక మానా కార్డులు ఎన్ని పెట్టాలన్నది నాకు అన్నింటికన్నా పెద్ద ప్రశ్న. ఆట మొదట్లో చేతికొచ్చిన కార్డుల్ని మార్చుకునే ముల్లిగన్‌లో అక్కర్లేని కార్డులు వెనక్కి పంపితే, బదులుగా వచ్చేవాటిలో అవే తిరిగి రావు. ముందు ఆడుతూ, ఒక మానా కార్డు కోసం మూడూ పంపేస్తే, మొదటి టర్న్ కార్డుతో కలిపి దాదాపు ఏడు కార్డులు చూసినట్టు. డెక్‌లో ఒక మానా కార్డులు ఆరుంటే ఆ ఏడింటిలో కనీసం ఒకటి కనబడే అవకాశం సుమారు 83 శాతం. ఎనిమిదుంటే 92, పదుంటే 96. ఆరు నుంచి ఎనిమిదికి పెంచితే తొమ్మిది శాతం లాభం. ఎనిమిది నుంచి పదికి పెంచితే నాలుగు శాతమే, పైగా ఆట చివర్లో చేతికొచ్చే పనికిరాని కార్డులు రెండు పెరుగుతాయి. నేను ఎనిమిది దగ్గర ఆగుతాను. వార్లాక్ అయితే తొమ్మిది, పది కూడా పెడతాను, ఎందుకంటే రెండు మానా, రెండు హెల్త్ ఇచ్చి ఇంకో కార్డు తీసుకునే హీరో పవర్ వాడి దగ్గరుంది. చవక కార్డులతో చెయ్యి ఖాళీ అవుతుందన్న భయం అక్కడ తక్కువ.

డెక్ కట్టడంలో నిజంగా బాధపెట్టేది వదులుకోవడం. ఏడు మానా, ఎనిమిది మానా లెజెండరీలు కలెక్షన్‌లో మెరుస్తూ ఉంటాయి. "ఒక్కటి పెడితే ఏమవుతుందిలే, ఆట పొడుగైతే పనికొస్తుంది" అనిపిస్తుంది. పెట్టకూడదు. అది మొదటి చేతిలో వచ్చిన ఆటల్లో మీరు 29 కార్డుల డెక్‌తో ఆడుతున్నట్టే. ఆట పొడుగవడమే మనకు నష్టం కాబట్టి, పొడుగైన ఆట కోసం కార్డు పెట్టుకోవడం మన ప్లాన్ మీద మనకే నమ్మకం లేదని ఒప్పుకోవడం. ఇలా వదులుకోవడాన్ని మ్యాజిక్ ఆటగాళ్లు ఎప్పుడో నేర్చుకున్నారు. 1996లో పాల్ స్లై అనే ఆటగాడు అట్లాంటాలో ఒక క్వాలిఫయర్ టోర్నమెంట్‌లో ఎర్ర రంగు డెక్‌తో ఫైనల్ దాకా వెళ్లాడు. డెక్ డిజైన్ చేసింది జే ష్నైడర్. అందులో ఐరన్‌క్లా ఆర్క్స్ లాంటి, అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోని కార్డులున్నాయి. రెండు మానాకి 2/2, కానీ బలమున్న జీవుల్ని అది అడ్డుకోలేదు. అడ్డుకోలేకపోవడం లోపమే, కాకపోతే ఎప్పుడూ ముందుకెళ్లి కొట్టేవాడికి ఆ లోపంతో పనేముంది? ఏ టర్న్‌కి ఎంత మానా ఉంటుందో దానికి సరిపడా కార్డులు ఉండేలా డెక్‌ను మెట్లు మెట్లుగా కట్టడం ఆ డెక్ నుంచే బాగా ప్రచారంలోకి వచ్చింది. ఇవాళ మానా కర్వ్ అని మనం మామూలుగా వాడే మాట వెనకున్నది ఆ ఆలోచనే.

లీరాయ్ జెంకిన్స్ కూడా అలాంటి కార్డే. 6/2, ఛార్జ్. దిగగానే ఎదుటివాడికి రెండు 1/1 పిల్ల డ్రాగన్లను ఇచ్చేస్తుంది. మూడో టర్న్ తర్వాత ఎప్పుడో చేతిలో ఉందని దించేస్తే అది మనకు చేటు. అదే టర్న్‌లో ఆట ముగుస్తుంటే ఎదుటివాడికి ఎన్ని డ్రాగన్లిచ్చినా ఒకటే.

ఇప్పుడు ఆడటం దగ్గరికి వద్దాం. ఆట తొలి రోజుల కార్డులతోనే ఒక స్థితి ఊహించండి. మీరు హంటర్, ముందు ఆడుతున్నారు, ఐదో టర్న్, ఐదు మానా. మీ బోర్డు మీద బ్లడ్‌ఫెన్ రాప్టర్ (3/2, బీస్ట్), పాత లెపర్ నోమ్ (2/1). చేతిలో వుల్ఫ్‌రైడర్ (మూడు మానా, 3/1, ఛార్జ్), కిల్ కమాండ్ (మూడు మానా, మూడు డ్యామేజ్, మన బీస్ట్ బోర్డు మీదుంటే ఐదు). ఎదుట మేజ్, 15 హెల్త్, బోర్డు మీద 3/4 మినియన్ ఒకటి. ఏం చేస్తారు?

చాలామందికి మొదట తోచేది ట్రేడ్, అంటే మన మినియన్లను ఇచ్చి ఎదుటి మినియన్‌ని చంపడం. రాప్టర్, నోమ్ కలిసి ఆ 3/4ని చంపుతాయి, రెండూ పోతాయి. నోమ్ చావుతో మేజ్‌కి రెండు, హీరో పవర్‌తో రెండు, వుల్ఫ్‌రైడర్‌తో మూడు. మేజ్ 8కి వస్తాడు. మరుసటి టర్న్‌లో కిల్ కమాండ్, హీరో పవర్ కలిపి ఐదే వస్తుంది. వుల్ఫ్‌రైడర్‌ని మేజ్ తన హీరో పవర్‌తోనే చంపేస్తాడు, ఒక్క డ్యామేజ్ చాలు దానికి. మూడు హెల్త్‌తో బతికిన మేజ్, ఏడో టర్న్‌లో ఫ్లేమ్‌స్ట్రైక్‌తో బోర్డంతా తుడిచేసే రోజుకి దగ్గరవుతాడు.

ఇంకో దారి, అన్నీ హీరో మీదికే. రాప్టర్ మూడు, నోమ్ రెండు, వుల్ఫ్‌రైడర్ మూడు, హీరో పవర్ రెండు. మొత్తం పది. మేజ్ ఐదుకి వచ్చాడు. ఇప్పుడు మీ బోర్డంతా ఊడ్చేసినా సరే, మరుసటి టర్న్‌లో కిల్ కమాండ్ మూడు, హీరో పవర్ రెండు, సరిగ్గా ఐదు. ముందు తననే కొట్టేలా చేసే టాంట్ మినియన్‌ని అడ్డం పెట్టినా ఫలితం లేదు, ఆ రెండూ టాంట్‌ని దాటి వెళ్తాయి. నోమ్‌ని చంపితే తనకే ఇంకో రెండు దెబ్బ. ఈ దారిలో ఎదుటివాడికి మీరు వదిలిన తలుపులు చాలా తక్కువ. వాటిని కూడా లెక్కేసుకోవాలి. మేజ్ ఒక సీక్రెట్ (మన టర్న్‌లో మనం ఏదో చేసినప్పుడు పేలే దాచిన కార్డు) పెట్టాడనుకోండి. అది ఐస్ బ్యారియర్ అయితే, హీరో మీద దాడి జరిగినప్పుడు హెల్త్ కన్నా ముందు దెబ్బ తినే ఆర్మర్ ఎనిమిది వస్తుంది. మినియన్‌తో కొడితే అది పేలుతుంది, స్పెల్‌తో, హీరో పవర్‌తో కొడితే పేలదు. కాబట్టి బోర్డు మీద మినియన్ మిగిలి ఉన్నా సరే దాన్ని కదపకుండా, ముందు ఆ రెండూ వాడాలి. అలవాటుగా మినియన్‌తో మొదలుపెట్టినవాడు గెలిచిన ఆటను చేజార్చుకుంటాడు. చావుదెబ్బను ఆపే ఐస్ బ్లాక్, స్పెల్‌ను రద్దుచేసే కౌంటర్‌స్పెల్ అయితే ఆ టర్న్‌లో ముగియదు, అది వేరే సంగతి.

ఎదుట మేజ్ బదులు ప్రీస్ట్ ఉంటే? అతని హీరో పవర్ రెండు హెల్త్ తిరిగి ఇస్తుంది. ఐదు ఏడవుతుంది, మన చేతిలో ఉన్నది ఐదే. కానీ నోమ్ ఉంది. బోర్డు ఊడిస్తే చస్తూ రెండు తీసి ప్రీస్ట్‌ని మళ్లీ ఐదుకి తెస్తుంది. వదిలేస్తే, టాంట్ అడ్డం లేనంతవరకు, ఆ రెండూ తనే కొడుతుంది. ఎలా చూసినా సరిపోయింది. 2016 ఏప్రిల్‌లో లెపర్ నోమ్ అటాక్‌ను రెండు నుంచి ఒకటికి తగ్గించారు. "ఒక్క పాయింటే కదా" అని అప్పుడు చాలామంది తేలిగ్గా తీసుకున్నారు. ఇదే స్థితిని కొత్త నోమ్‌తో మళ్లీ లెక్కేయండి. మన టర్న్‌లో తొమ్మిదే కొట్టాం, ప్రీస్ట్ ఆరు దగ్గరున్నాడు. రెండు నయం చేసుకుని బోర్డు ఊడిస్తే, నోమ్ చావు పోను మళ్లీ ఆరు. మన దగ్గర ఐదు. ఒక్క పాయింట్ తక్కువ, ఆట పోయింది. ఈ లెక్కంతా ఐదో టర్న్‌లో, టైమ్ అయిపోతోందని చూపే తాడు తెర మీద కాలుతుండగా, టెన్షన్‌లో చేయాలి. దీన్ని బుర్ర లేని ఆట అని ఎలా అంటారో నాకు అర్థం కాదు.

అదే నెలలో ఇటీవలి సెట్ల కార్డులతోనే ఆడే స్టాండర్డ్ ఫార్మాట్ వచ్చినప్పుడు ఐరన్‌బీక్ ఔల్ మూడు మానా అయింది, నైఫ్ జగ్లర్ అటాక్ తగ్గింది, ఆర్కేన్ గోలెమ్ ఛార్జ్ పోయింది. అంతకుముందే 2014 సెప్టెంబర్‌లో లీరాయ్ నాలుగు మానా నుంచి ఐదుకి వెళ్లింది. అగ్రో కార్డుల మీద కత్తెర ముందు పడుతుందన్నది మా ఆటగాళ్ల పాత ఫిర్యాదు. ఇందులో నేను కొంతవరకే మావాళ్ల వైపు. అండర్‌టేకర్ బలాన్ని తగ్గించడం న్యాయమే. 2014 జులైలో నాక్స్‌రామస్ అనే అదనపు కార్డుల విడుదలతో వచ్చిన ఆ ఒక మానా కార్డు, డెత్‌రాటిల్ (చనిపోయినప్పుడు ఏదో ఒకటి చేసే) మినియన్ దిగినప్పుడల్లా +1/+1 పెరిగేది. మొదటి టర్న్‌లో అది పడిందా, ఎదుటివాడు దాన్ని అందుకోలేకపోయేవాడు. పైన చెప్పిన ఏడు కార్డుల లెక్కలో, రెండు కాపీలున్న ఒక ప్రత్యేకమైన కార్డు కనబడే అవకాశం సుమారు 42 శాతం. అంటే సగానికి దగ్గరగా ఆటల్లో ఫలితం ఆ ఒక్క కార్డు చేతిలోకి వెళ్లిపోతుంది. 2016 డిసెంబర్‌లో వచ్చిన ప్యాచెస్ అనే కార్డు ఇంకా దారుణం. ఏదో ఒక పైరేట్‌ని దించితే చాలు, డెక్‌లోంచి ఊడిపడి వెంటనే కొట్టేది. ఆటగాడు తీసుకునే నిర్ణయం అందులో ఏమీ లేదు. 2018 ఫిబ్రవరిలో దాని ఛార్జ్ తీసేసినప్పుడు నేను సంతోషించాను. నేను సమర్థిస్తున్నది నిర్ణయాలతో నిండిన దూకుడును. మొదటి టర్న్‌లోనే ఆట తేల్చేసే కార్డు అగ్రో ఆటగాడి చేతిలోంచి కూడా ఆటను లాగేసుకుంటుంది.

ఎదుటివైపు నుంచి వచ్చే బలమైన అభ్యంతరం ఒకటుంది. "నా డెక్‌లో ఉన్నవి దించకముందే చచ్చిపోయాను, నేను ఆడిందేముంది?" ఇది ఉత్త ఏడుపు కాదు. ఇష్టపడి కట్టుకున్న డెక్ తెరుచుకోకముందే మూతపడితే బాధగానే ఉంటుంది. కానీ ఆ డెక్‌ను మొదటి నాలుగు టర్న్‌లు ఖాళీగా వదిలి కట్టుకున్నది ఎవరు? అగ్రో లేని ర్యాంకుల్లో ఏం జరుగుతుందో ఆలోచించండి. తొందరగా చంపేవాడు లేడని తెలిస్తే ప్రతివాడూ ఇంకాస్త బరువైన కార్డు పెడతాడు. రెండు మానా మినియన్ తీసేసి తొమ్మిది మానా కార్డు, అదీ తీసేసి ఇంకో కార్డు లాగే స్పెల్. చివరికి ఎవరి చేతిలో ఎక్కువ పెద్ద కార్డులున్నాయన్నదే ఆట అవుతుంది. రెండు మానాకి మంచి మినియన్, మూడు మానాకి హీలింగ్, నాలుగు మానాకి ఎదుటివైపు అందరినీ ఒకేసారి కొట్టే కాన్సెక్రేషన్, వీటికి విలువ ఉన్నది దూకుడు డెక్కులు తలుపు తడుతున్నంతకాలమే.

డబ్బు పెట్టలేనివాళ్ల సంగతి కూడా చెప్పాలి. హార్త్‌స్టోన్‌లో ఒక లెజెండరీ తయారుచేసుకోవడానికి డస్ట్ అనే ఆటలోని ముడిసరుకు 1600 కావాలి, ఎపిక్‌కి 400, రేర్‌కి 100, కామన్‌కి 40. ఒక్క లెజెండరీ ఖర్చుతో 40 కామన్లు వస్తాయి, అంటే డెక్ నిండగా ఇంకా పది మిగులుతాయి. లీరాయ్ ఒక్కటి తప్ప మిగతావన్నీ కామన్లు, రేర్లతో సరిపెట్టుకుని గట్టిగా ఆడగలిగే డెక్కులు ఎక్కువగా ఈ రకంలోనే దొరుకుతాయి. సమయం లెక్కా అంతే. గంటలో పది ఆటలాడి 55 శాతం గెలిస్తే నికరంగా ర్యాంకుల్లో ఒక స్టార్ పైకెళ్తాం. నాలుగు ఆటలాడి 60 శాతం గెలిచినా స్టార్‌లో ఐదింట నాలుగు వంతులే.

చివరగా నాకు అన్నింటికన్నా ఇష్టమైన ఆటల గురించి: ఇద్దరు అగ్రో ఆటగాళ్లు ఎదురుపడటం. చూసేవాళ్లకు ఇద్దరూ ఒకరినొకరు కొట్టుకోవడమే కనబడుతుంది. నిజానికి అక్కడ ఒకరు దాడి మానేసి కాపలా కాయాలి, అది ఎవరో ముందుగా గుర్తుపట్టినవాడికి మొగ్గు ఉంటుంది. నాకు 14 హెల్త్, అతనికి 18. అతని బోర్డు టర్న్‌కి ఆరు కొడుతుంది, హీరో పవర్‌తో ఎనిమిది, అంటే నాకు రెండు టర్న్‌ల ఆయుష్షు. నా బోర్డు ఐదు, హీరో పవర్‌తో ఏడు, అతన్ని చంపడానికి మూడు టర్న్‌లు కావాలి. ఇద్దరం కళ్లు మూసుకుని పరిగెత్తితే నేను ఓడిపోతాను. రెండు అటాక్ ఉన్న నా మినియన్‌ని ఇచ్చి మూడు అటాక్ ఉన్న అతని మినియన్‌ని తీసేస్తే, అతని దెబ్బ టర్న్‌కి ఐదుకి దిగుతుంది, నాకు మూడు టర్న్‌లు దొరుకుతాయి. రెండోగా ఆడేవాడికి మొదట నాలుగు కార్డులు, ఒక టర్న్‌లో ఒక మానా అదనంగా ఇచ్చే కాయిన్ వస్తాయి. అలా వచ్చిన అదనపు కార్డు నా చేతిలో ఇంకా ఉంటే, ఆట సాగే కొద్దీ అది నాకే కలిసొస్తుంది. ముందు ఆడుతున్నది నేనైతే ఇదే బోర్డు మీద లెక్క తిరగబడవచ్చు, ఎందుకంటే ఆ అదనపు కార్డు అతని దగ్గరుంటుంది. అందుకే హంటర్ మీద హంటర్ పడ్డప్పుడు, రెండో టర్న్‌లో మినియన్ దించాలా, హీరో పవర్ నొక్కాలా అన్నదగ్గర నేను టైమర్ సగం అయ్యేదాకా కదలను.